చప్పిడి డబ్బా

ఆ ఏడు మాకు ఈస్టర్ ముందటి శ్రమల దినాలు, మా గల్లీకి రంజాన్ ఒకేసారి మొదలయ్యాయి. సైదాబాద్‌లో మేముండే గల్లీలో సగం ఇళ్లు పగలు పొయ్యి వెలిగించడం మానేశాయి. మా ఇంట్లో మాత్రం భస్మ బుధవారం తెల్లారే మా ఆయన ప్రేమ్‌రాజ్ వంటగది గుమ్మంలో నిలబడి నాకు కొత్త వంట నేర్పడం మొదలుపెట్టాడు.

"స్రవంతీ, ఈ లెంట్ దినాలల్ల నేను ఉప్పు మానేస్తున్న. పగటి డబ్బాల కూర చప్పిడిగ వెట్టు. కూరగాయలు ఒకపారి ఉడికిచ్చి, ఆ నీళ్లు పారవోసి, మళ్ల వండు. టమాట వద్దు. పాలకూర గిట్ల అస్సలే వద్దు."

"ఉప్పు మానేస్తె మానెయ్. టమాట ఏం పాపం జేసిందయ్యా?"

"మొక్కనుకో."

లోపల మంచం మీద కూర్చున్న మా అత్తమ్మ రాజమణి కళ్లద్దాల మీది నుంచి చూసింది. "మనకు మొక్కులేందిరా?" అన్నది.

"రాత్రికో?" అన్నాను నేను.

"రాత్రికి మామూలే."

ఉప్పు విషయంలో మా ఆయన సంగతి అందరికీ తెలుసు. జామకాయకు ఉప్పు, పుచ్చకాయకు ఉప్పు, పెరుగన్నంలో వేసిందాని మీద మళ్లీ ఉప్పు. అలాంటి మనిషి ఉప్పు మానేయడం మంచిదేననుకున్నాను. కానీ దేవుని కోసం మానేసేవాడు ఒక్క మధ్యాహ్నం పూటే ఎందుకు మానేస్తాడు? ఆ ప్రశ్న నా బుర్రలో ఒక మూల కూర్చుని, ఆ రోజు నుంచి లేవలేదు.

ప్రేమ్‌రాజ్‌కు ట్రాలీ ఆటో ఉంది. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలగంపలు ఎక్కించుకుని పాతబస్తీ దుకాణాలన్నిటికీ వేసి వస్తాడు. పొద్దున ఇంటికొచ్చి స్నానం చేసి, డబ్బా తీసుకుని మళ్లీ రెండో విడతకు పోతాడు. గంపలన్నీ కుడి భుజం మీదే దించుతాడు. ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. మా పెళ్లయిన కొత్తలో మాదన్నపేట మార్కెట్ నడిబజార్లో మా అన్న గోవర్ధన్ పాలక్యానుతో కొట్టిన దెబ్బ అది. మాది బర్రెలున్న ఇల్లు. పాల వ్యాపారం చేసుకునేవాళ్ల పిల్ల చర్చికి పోయేవాడిని చేసుకుందని అన్న ఆ రోజు అందరిముందూ బోరింగ్ కింద కూర్చుని నెత్తి మీద నీళ్లు పోసుకున్నాడు. "నా చెల్లె సచ్చింది, తానం జేసిన" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. పన్నెండేళ్లుగా ఆ మార్కెట్ వెనక మా పుట్టింటి గల్లీలో అడుగుపెట్టలేదు. అమ్మ పోయినప్పుడు కూడా పోలేదు, పిలవలేదు కనుక.

సరే, శ్రమల దినాలు. మొదటి వారం తిరగకుండానే ఆయనలో ఇంకో మార్పు కనబడింది. రోజూ గడ్డం గీసుకోవడం. తలకు నూనె రాసి పాపిడి తీయడం. ఉతికిన చొక్కా లేకపోతే బయటికి కదలకపోవడం. ఒకరోజు జేబులో అత్తరు సీసా దొరికింది. పొద్దంతా మల్లెపూల మధ్య తిరిగే మనిషికి అత్తరెందుకు?

నేను ఇంట్లోనే మగ్గం పని చేస్తాను. ముందు గదిలో మగ్గం బిగించుకుని పెళ్లి బ్లౌజుల మీద జరీ కుడతాను. చేతులు పని చేస్తుంటే తలకాయ ఖాళీగా ఉంటుంది. ఖాళీ తలలో ఏం నిండుతుందో ఆ పని చేసే ఆడవాళ్లనడగండి. సాయంత్రం ఆయన చొక్కా ఉతకబోతూ వాసన చూశాను. అత్తరు కింద ఇంకో వాసన ఉంది. పూలది కాదు, చెమటది కాదు. ముక్కులో సన్నగా గుచ్చే వాసన. ఎక్కడిదో గుర్తుకు రాలేదు.

ఇంకోరోజు జరీ దారం కోసం బయటికి పోయి వస్తుంటే రోడ్డు వారగా మా ట్రాలీ కనబడింది. పక్కన బండి దగ్గర ప్రేమ్‌రాజ్ నిలబడి మిర్చిబజ్జీ తింటున్నాడు. నాలుగన్నా కాలేదు. ఇంకా ఎండ తగ్గలేదు. పైగా ఉల్లిపాయ ముక్కల మీద ఉప్పు చల్లించుకున్నాడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాను.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను. "ఉపాసం మంచిగ నడుస్తుందా?"

"ప్రభువు నడిపిస్తుండు."

"డబ్బా సరిపోతుందా పగటీలి?"

"మస్తు సరిపోతుంది. గిన్నె జూస్తలేవా, ఖాళీగనే వస్తుంది గదా."

వస్తున్నది నిజమే. నాకు భయమేసింది అక్కడే. చప్పిడి కూర నేనే నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. మిర్చిబజ్జీకి ఉప్పు చల్లించుకునే మనిషి దాన్ని అడుగు దాకా తుడిచి తింటున్నాడంటే నమ్మేదెట్లా? ఆ డబ్బా ఇంకెవరో తింటున్నారు. నా చేత వండించి ఎవరికో తినిపిస్తున్నాడు.

నాలుగో వారంలో ఫోన్ వచ్చింది. ఆయన స్నానం చేస్తున్నాడు. తెర మీద 'స్రవ్య సిస్టర్' అని పేరు. ఎత్తి చెవికి పెట్టుకున్నాను, మాట్లాడలేదు.

"అన్నా, రేపు పదకొండింటికి కాదు, పదింటికే రండి," అన్నది ఒక పడుచు గొంతు. "బెడ్డు ఖాళీగుంటది. లేటు చెయ్యకండి."

పెట్టేశాను. తర్వాత అత్తమ్మ దగ్గరికి పోయి, మామూలుగా అడుగుతున్నట్టు, "మన సంఘంల స్రవ్య సిస్టర్ అని ఎవరన్న ఉన్నరా అత్తమ్మా?" అన్నాను.

"స్రవ్యనా? లేరు. సునందమ్మ ఉన్నది, సుగుణ సిస్టర్ ఉన్నది. ఎందుకు?"

"ఊరికెనే."

ఆమె బైబిల్ మూసి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసి, "నా కొడుకు గసొంటోడు కాదు," అన్నది. అడగకుండానే ఆ మాట అన్నదంటే, నూనె పాపిడి ఆమె కూడా చూస్తున్నదని అర్థమైంది.

మర్నాడు ఆయన డబ్బా తీసుకుని బయల్దేరగానే చెప్పులేసుకుని గల్లీ చివర ఆటో ఎక్కాను.

"ఆ ముందల పోయే ట్రాలీ ఎన్క పోనీ భాయ్."

ఆటో అతను అద్దంలో చూసి, ఎవరి వెంటబడుతున్నావన్నట్టు నవ్వాడు. "క్యా బాజీ, పీఛా కరనా క్యా?"

"నువ్వు పోనీ."

ట్రాలీ చంపాపేట వైపు పోయి ఒక ఫర్నిచర్ దుకాణం ముందు ఆగింది. ఆయన డబ్బా పట్టుకుని పక్కనున్న మెట్లెక్కాడు. నేను రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. పైనున్న బోర్డు చదవాలని కూడా అనిపించలేదు. ఏమని అడగాలి, ఎక్కడ కొట్టాలి, ఆమె జుట్టు పట్టుకోవాలా ఈయన కాలర్ పట్టుకోవాలా, ఇవే ఆలోచనలు. చివరికి రోడ్డు దాటి మెట్లెక్కాను.

రెండో అంతస్తులో గాజు తలుపు. తలుపు తోయగానే ఆ వాసన, చొక్కాలో అత్తరు కింద దాక్కున్న వాసన. స్పిరిట్. నీలం బట్టలేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చింది. జేబు మీద స్రవ్య అని పేరు. ఇరవై రెండేళ్లుంటాయేమో.

"అటెండెంటా అక్కా? చెప్పులు బయట విడువుండ్రి. ఏ పేషెంట్?"

ఆమె భుజం మీంచి లోపలికి చూశాను. వరసగా మంచాలు, మంచం పక్కన ఒక్కో మిషను, మిషనులో తిరుగుతున్న నెత్తురు గొట్టాలు. చివరి మంచం దగ్గర స్టూలు మీద ప్రేమ్‌రాజ్ వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మంచం మీద ఉన్నతనికి ముద్ద కలిపి నోట్లో పెడుతున్నాడు. అతని ఎడమ చేతికి సూదులున్నాయి. మొహం నల్లబడి ఉబ్బిపోయింది. ముందు గుర్తుపట్టలేదు. నమిలేటప్పుడు దవడ పక్కకు తిప్పే పద్ధతి చూసి పట్టాను. మా అన్న.

"గోవర్ధన్ అన్న వాళ్లా?" అన్నది స్రవ్య. "మంచాయన దొరికిండక్కా బామ్మర్ది. వారానికి మూడు దినాలు ఈడికి, మిగిలిన దినాలు ఇంటికి, డబ్బా పట్టుకపోతడు. ఆ ఇంట్ల ఎవరు వండుతరో గాని మస్తు ఓపిక. కిడ్నీలు పోయినయ్ గదా, టమాట, పాలకూర పడవు, ఒక్కపూట ఉప్పెక్కువైనా ఈయన తట్టుకోడు. దాహమైతది, నీళ్లు తాగుతడు, అవి ఊపిరితిత్తులల్లకు పోతయ్. పోయిన నెల గట్లనే అయ్యె, రాత్రికి రాత్రి ఆక్సిజన్ మీద ఉండె. పోండ్రి, లోపలికి పోండ్రి."

"మళ్ల వస్త," అని దిగిపోయాను.

ఆడదానితో చూసి ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇది చూశాక ఏం చెయ్యాలో తెలియలేదు. తేలికపడతాననుకున్నాను. పడలేదు. ఇంటిదాకా నడిచి పోయాను, ఆటో ఎక్కాలనే ఆలోచనే రాలేదు. నేను సచ్చిపోయానని స్నానం చేసినవాడికి నేను ఉడకబెట్టి, నీళ్లు వంపి, మళ్లీ వండి పంపుతున్నాను. నా చేతులతో. నాకు చెప్పకుండా. ఆ ఇద్దరు మగవాళ్లు కలిసి నన్ను మోసం చేశారు. అప్పుడు నా లోపల ఉన్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన. శ్రమల దినాల్లో రోజూ ఏడింటికి అందరం కూర్చుంటాం. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడు పాస్టరు అయ్యగారు ఐదో మాట ప్రేమ్‌రాజ్‌కు ఇచ్చారు. దాహమైతున్నదని ప్రభువు అడిగిన మాట. చర్చిలో ఎప్పుడూ మాట్లాడని మనిషి కనుక ఇంట్లో మా ముందు నిలబడి అలవాటు చేసుకుంటున్నాడు.

"దాహం అంటే మనకు తెలుసనుకుంటం," అన్నాడు. "ఫ్రిజ్ తీసి తాగితె తీరేది దాహం కాదు. నాలుక అంగిట్లకు అతుక్కపోతది. ముందల గిలాసుంటది. ఇయ్యాల్టి వంతు అయిపోయింది, ఇంక తాగొద్దు అని ఆ గిలాసునే జూసుకుంట కూసోవాలె. గప్పుడు మనిషి నీళ్లు గూడ అడగడు. ఎదురుంగున్నోని మొహం దిక్కు జూస్తడు. ప్రభువు గూడ గట్లనే జూసుంటడు. కొట్టినోళ్ల దిక్కే."

"నీకెట్ల తెలుసురా ఇదంతా?" అన్నది అత్తమ్మ, మెచ్చుకోలుగా.

"ఒకాయన చెప్పిండు."

మా బిడ్డ సోనీ నిద్రమొహంతో నా ఒళ్లో వాలింది. నేను తల ఎత్తలేదు. మా అన్న దాహాన్ని తీసుకొచ్చి దేవుని మాట చేసి చెప్తున్నాడు. ఎవరి దాహం అది? అమ్మ పోయినప్పుడు ఒక్క ఫోన్ చేయని మనిషిది. ఆమెన్ అందరూ అన్నారు, నేను అనలేదు. అనలేదని ఆయన గమనించాడో లేదో తెలియదు.

శుక్రవారం పొద్దున సొరకాయ కోశాను. ఉడికించాను, నీళ్లు వంపాను. పోపు పెట్టాను. ఉప్పు డబ్బా మూత తీశాను. ఇంటికి వేసేటంత వేశాను. తర్వాత ఇంకో గుప్పెడు వేశాను. కలిపి, డబ్బాలో సర్ది, గుడ్డ చుట్టి ఇచ్చాను. ఆయన తలకు నూనె రాసుకుంటూ అందుకున్నాడు.

"పోయొస్త," అన్నాడు.

"మంచిది," అన్నాను.

మగ్గం ముందు కూర్చున్నాను. సూది కింది నుంచి పైకి రావాలి. రాలేదు. దారం తెగింది. మళ్లీ ఎక్కించాను. ఊపిరితిత్తులల్లకు పోతయ్ అన్న ఆ పిల్ల మాట చెవి పక్కనే వినబడింది. అత్తమ్మ లోపల పాట పాడుకుంటున్నది. గోడ గడియారం వైపు చూశాను. ఆయన ఇంకా గంపలు వేస్తుంటాడు, తర్వాతే అటు పోతాడు, టైముంది అనుకున్నాను. మళ్లీ సూది పట్టుకున్నాను. ఈసారి వేలిలో దిగింది. పెళ్లికూతురి తెల్ల పట్టు మీద ఎర్రటి చుక్క పడింది. అది తుడవకుండానే లేచి రోడ్డు మీదికి పరిగెత్తాను.

రంజాన్ నెలలో ఆఖరి జుమ్మా అది. నమాజుకు పోయేవాళ్లతో దారులన్నీ నిండి ఆటోలు కదలడం లేదు. సగం దారిలో దిగిపోయాను. చంపాపేట దాకా ఎట్లా పోయానో నాకే తెలియదు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టుకు దేవుణ్ని పిలిచాను. క్షమించమని కాదు. తినకుండా చూడు, తినకుండా చూడు, అంతే.

గాజు తలుపు తోశాను. చెప్పులు విడవలేదు.

ప్రేమ్‌రాజ్ స్టూలు మీద కూర్చుని డబ్బా తింటున్నాడు. పెద్ద పెద్ద ముద్దలు. మింగేటప్పుడు మెడ నరాలు ఉబ్బుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కుడి చేత్తో తింటూ ఎడమ మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. మంచం మీద మా అన్న చేతిలో ఒక పేపరు ప్లేటు. దాంట్లో బయట కొనుక్కొచ్చిన రెండు ఇడ్లీలు.

"ఏందిర భై ఇయ్యాల?" అంటున్నాడు అన్న. "రోజు ఒక్క ముద్ద తిని ఇస్తుంటివి. ఇయ్యాల మొత్తం నువ్వే గుంజుతున్నవ్. జర నాకు ఇడువు."

"ఆకలైంది బావా. ఇయ్యాల ఇడువ."

"ఏడుస్తున్నవేందిరా?"

"కారం."

గిన్నె అడుగు వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు. మూత పెట్టాడు. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. మొహంలో కోపం వెతికాను, కనబడలేదు. ఆశ్చర్యం కూడా లేదు. అక్కడే ఉన్న నీళ్ల సీసా ఎత్తి, మంచం మీది మనిషికి కనబడకుండా పక్కకు తిరిగి, సగం దాకా తాగాడు.

అన్న నన్ను చూశాడు. ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత నాతో కాదు, నా మొగుడితో అన్నాడు. "ఈమె ఎందుకొచ్చింది?"

ప్రేమ్‌రాజ్ ఖాళీ డబ్బాకు గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు.

"డబ్బా తీస్కపోనీకె వచ్చిన," అన్నాను.

"ఏం జూసి పోనీకె వచ్చింది?" మళ్లీ ఆయనతోనే. తర్వాత నా వైపు తిరిగాడు. ఉబ్బిన రెప్పల మధ్య కళ్లు చిన్నగా, పదునుగా ఉన్నాయి. "నీ చేతి వంట అని నాకు మొదటి దినమే తెలుసు. గందుకే మొదటి ముద్ద వీనితోని తినిపిస్తున్న. ఉపాసం గిపాసం నాకు తెల్వది, నువ్వు తింటెనే నేను తింట అని వీనికి చెప్పిన. నువ్వేం కలుపుతవో ఎవనికి తెలుసు?"

పక్క మంచం మీది ముసలాయన నవ్వాడు, హాస్యమనుకుని. స్రవ్య కూడా నవ్వింది. నేను డబ్బా చేతికి తీసుకున్నాను. మా అన్న ఇన్ని రోజులూ అనవసరంగా అనుమానించాడు, ఈ ఒక్క రోజు తప్ప.

ట్రాలీలో ఆయన పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. ఇంకో నీళ్ల సీసా కొనుక్కుని దారిలోనే ఖాళీ చేశాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"లెంటు ముంగట్నుంచే. ఆ ఫర్నిచర్ దుకాణం పక్కన పూలు వెయ్యనీకె పోయిన. మెట్ల మీద కూసున్నడు. దిగనీకె శాతనైతలేదు. మీ వదిన పిల్లలను తీస్కొని జనగామ పోయిందంట, రెండేండ్లాయె. బర్రెలు లేవు, ఏం లేవు." సిగ్నల్ పచ్చబడగానే ట్రాలీ కదిలించాడు. "నన్ను జూడంగనే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు స్రవంతీ. కొడ్తననుకున్నడు. నేను గూడ ఆయనను జూసి రెండడుగులు ఎన్కకు ఏసిన, కొడ్తడేమో అని. ఇద్దరం గట్లనే ఉన్నం కొద్దిసేపు."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె వండకపోదువు."

అది నిజం. నేను కాదనలేదు.

"మరి ఆ నూనె? ఆ గడ్డం? అత్తరు?"

"అయ్యగారు చెప్పిండు గదా భస్మ బుధవారం నాడు. ఉపాసమున్నోడు మొహం ఏలాడేసుకొని తిరుగొద్దు, తలకు నూనె రాసుకొని మొహం కడుక్కోని ఉండాలె, పక్కోనికి గూడ తెలువొద్దు అని. నువ్వు నా ముందటి వరసలనే కూసున్నవ్."

కూర్చున్నాను. పెళ్లి బ్లౌజు మీద నెమలి ఎటు తిరగాలా అని ఆలోచిస్తున్నాను ఆ రోజు.

"అత్తరు మాత్రం నీ కోసరమే," అన్నాడు. "స్పిరిట్ వాసన పట్టుకుంటవని."

గల్లీ మలుపు వచ్చింది. "ఇయ్యాల్టి కూర..." అన్నాను.

"నేను అడిగిన్నా?" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. రాత్రంతా లేచి లేచి నీళ్లు తాగాడు. నేను పక్కన మేలుకునే ఉన్నాను.

మర్నాటి నుంచి వంట నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. మెంతిపొడి ఎంతో, నిమ్మరసం ఎంతో, ఉప్పు లేకపోయినా నోటికి రుచి తెలిసేది ఎట్లాగో స్రవ్యకు ఫోన్ చేసి అడిగాను. అన్న మీద జాలి కలిగిందని చెప్పను. గిన్నె కడిగేటప్పుడల్లా కోపం వచ్చేది. వండేటప్పుడు మాత్రం శ్రద్ధగా వండాను. రెండూ ఒక మనిషిలో ఉంటాయని నాకు అంతకుముందు తెలియదు.

మట్టల ఆదివారం అయిపోయింది. గుడ్ ఫ్రైడే వచ్చింది. పన్నెండింటి నుంచి మూడింటి దాకా చర్చిలో ఏడు మాటలు. అదే టైముకు అన్నకు డయాలసిస్. పొద్దున ప్రేమ్‌రాజ్ తెల్లచొక్కా వేసుకుని డబ్బా వైపు, గడియారం వైపు చూస్తున్నాడు.

"నేను పోత," అన్నాను.

అత్తమ్మ తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఆగిపోయింది. "ఎటు పోతవ్? గుడ్ ఫ్రైడే నాడు గుడి ఇడిచిపెట్టి? నా కొడుకు మొదటిపారి మాట్లాడుతున్నడే!"

ఇక దాచడం నావల్ల కాలేదు. "మా అన్నకు కిడ్నీలు ఖరాబైనయ్ అత్తమ్మా. బువ్వ తీస్కపోవాలె. నీ కొడుకు ఇన్ని దినాలు తీస్కపోయిండు."

ఆమె కొడుకు మొహం చూసింది. తర్వాత వాడి ఎడమ భుజం చూసింది. ఆ భుజానికి కట్టు కట్టించింది, నెల రోజులు అన్నం తినిపించింది ఆమే. వంటగదిలోకి పోయి డబ్బా మూత రెండు చేతులతో నొక్కి బిగించి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒలుకుతది, నిలువుగ పట్టుకో," అన్నది. సోనీ చెయ్యి పట్టుకుని చర్చికి బయల్దేరింది.

అన్న నన్ను ఒంటరిగా చూసి గోడ వైపు తిరిగాడు. స్టూలు మీద కూర్చున్నాను. మిషను తిరుగుతూనే ఉంది. గోడ వైపు చూస్తూనే అడిగాడు.

"మీ అయ్యగారు పంపిండా?"

"లేదు."

"మరి దేనికి ఇదంతా? నన్ను మీదాంట్ల కలుపుకోనీకేనా? సచ్చేముందు నీళ్లు సల్లుతరా?"

"నిన్ను కలుపుకుంటె మా సంఘపోళ్లు పారిపోతరన్నా."

ముక్కుతో నవ్వినట్టు ఒక శబ్దం వచ్చింది. అన్నా అన్న పిలుపు నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఆయన విన్నాడో లేదో కూడా తెలియదు. నేను ముద్ద కలిపి పెట్టాను. నోరు తెరిచాడు. ఈ రోజు మొదటి ముద్ద ఎవరు తినాలనేది అడగలేదు. అడుగుతాడేమోనని నేనే కాచుకుని ఉన్నాను.

"వాడేడి?"

"గుడిల. ఇయ్యాల మాట్లాడుతున్నడు. దాహం గురించి."

అన్న నమలడం ఆపాడు. "నన్ను అడిగిండు. దాహమైతె ఎట్లుంటది బావా అని. పిచ్చోడనుకున్న. చెప్పిన." కాసేపు మిషను వైపు చూశాడు. "నా పేరు చెప్తడా ఆడ?"

"చెప్పడు."

"చెప్పొద్దను," అన్నాడు. మళ్లీ కాసేపటికి, "మంచిగ చెప్తడా?" అన్నాడు.

"ఇంట్ల చెప్పిండు. మంచిగ చెప్పిండు."

అన్నం అంతా తిన్నాడు. నేను మూతి తుడిచాను. మొహం పక్కకు తిప్పుకున్నాడు కానీ చెయ్యి తోసేయలేదు. మూడు గంటలు కావస్తుంటే మిషను కూత పెట్టింది. స్రవ్య వచ్చి సూదులు తీసి దూది అదిమి కట్టు కట్టింది.

లేచి నిలబడగానే తూలాడు. పట్టుకున్నాను. మనిషి అంత తేలికైపోయాడని చూస్తే తెలియలేదు, పట్టుకుంటేనే తెలిసింది. మెట్లు దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రతి మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను ఆగాను. ఈ మనిషి మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆయనకు నా మీద కుదిరిందని కూడా అనుకోను. ఆ రోజు డబ్బాలో ఏమున్నదో ఆయనకు చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో రాదో.

కింద ఎండ మండుతోంది. ట్రాలీ లేదు కదా, ఆటో ఆపాను. అన్నను ఎక్కించాను. డ్రైవరు ఎక్కడికని అడిగాడు.

"మాదన్నపేట," అన్నాడు అన్న. "మార్కెట్ ఎన్క గల్లీ."

అదే గల్లీ. నేను కింద నిలబడ్డాను, చేతిలో ఖాళీ డబ్బా. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేసి, నేనూ వస్తానా అన్నట్టు నా వైపు చూశాడు. "ఆప్ ఆతే క్యా?" అన్నాడు.

అన్న ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. నా మొహం చూడలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, సీటు మీద మెల్లగా అవతలి పక్కకు జరిగాడు.

నేను ఎక్కి కూర్చున్నాను.